డేగ ఆకలికి వస్తాది, ప్రేమకు కాదు

పోయిన ఆషాఢంలో మా టెర్రస్ మీద ఒక గద్ద పడింది. మేముండేది బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో, ఇక్కడ ఆషాఢం గాలి మొదలైందంటే పిల్లలూ పెద్దలూ అని లేకుండా గాలిపటాలు ఎగరేస్తారు, ఆ తెగిన దారమంతా కొబ్బరి చెట్లకీ కేబుల్ వైర్లకీ వేలాడుతూ ఉంటుంది. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2017లోనే దేశమంతా నిషేధించింది గానీ దారి తప్పిన దారాలకి ఆ సంగతి తెలియదు కదా. బట్టలు తీయడానికి పైకెళ్ళిన మా ఆవిడ కేకేస్తే పరిగెత్తాను. వాటర్ ట్యాంక్ పక్కన ఒక రెక్క నేల మీద పరిచేసి, నోరు తెరుచుకుని కూర్చుని ఉంది. రెక్క మడత దగ్గర దారం ఎంత లోపలికి దిగిందంటే దారం కనపడట్లేదు, ఎర్రటి గీత మాత్రమే కనపడుతోంది.

నేను రెండడుగులు వేశానో లేదో వెల్లకిలా పడిపోయి రెండు కాళ్ళూ పైకి లేపింది, గోళ్ళన్నీ నా వైపే. ఫోన్‌లో రెస్క్యూ వాళ్ళు చెప్పారు, తల మీద గుడ్డ కప్పండి, నీళ్ళు పట్టొద్దు, తిండి పెట్టొద్దు, చీకట్లో పెట్టి వదిలేయండి, మేమొస్తాం అని. పాప స్నానం టవల్ ఉంటే అదే విసిరాను, సరిగ్గా తల మీద పడింది. అప్పటిదాకా రెక్కలు టపటపా కొట్టుకుంటున్నది ఒక్కసారిగా ఆగిపోయింది, చచ్చిపోయిందేమో అనుకున్నా, చూస్తే టవల్ మెల్లగా పైకీ కిందకీ కదులుతోంది, ఊపిరి. అంత పొగరు పక్షి, కళ్ళు కనపడకపోయేసరికి చంటిపిల్లలా అయిపోయింది. అట్టపెట్టెకి బొక్కలు పొడిచి దాంట్లో పెట్టాం.

ఈలోగా మా చిన్నాయనకి వీడియో కాల్ చేశా. ఎందుకంటే మా ఇంట్లో గద్దల గురించి డేగల గురించి ఏమైనా తెలిసింది ఆయనొక్కడికే. రాజంపేట దగ్గర మా ఊరు, అక్కడ ఇంటికొకరు కువైట్‌కి పోయినవాళ్ళే, ఈయన 18 ఏళ్ళు అక్కడ ఒక షేక్ ఇంట్లో డ్రైవరు. ఆ షేక్‌కి డేగల పిచ్చి. మామూలుగా మన వైపు డేగ అంటే సంక్రాంతి పందెంలో కోడి రంగు గుర్తొస్తుంది, కాకి, నెమలి, డేగ అని, ఇది అది కాదు, నిజం డేగ, చేతి మీద కూర్చోబెట్టుకుని వేటాడేది.

"కండ్లు మూసినావు కదా, ఇంగ నిమ్మళంగా ఉంటాది నాయనా" అన్నాడు. "ఆడ కూడా అంతే, కొత్త డేగ వస్తే మొదట దానికి బుర్ఖా ఏస్తారు." తోలుతో చేసిన చిన్న టోపీ అన్నమాట, కళ్ళు పూర్తిగా మూసుకుపోతాయి, ముక్కు మాత్రం బయటికి ఉంటుంది. అరబీలో దాన్ని బుర్ఖా అనే అంటారంట. అది వేసి సాయంత్రం పూట దివానియాలో, అంటే మగవాళ్ళంతా చేరి టీ తాగే హాల్లో, చేతి మీద పెట్టుకుని కూర్చుంటారంట గంటలు గంటలు. మనుషుల గొంతులూ కప్పుల చప్పుడూ అన్నీ దానికి చీకట్లోనే అలవాటవ్వాలి. టోపీ తీసిన కొత్తలో అది బెదిరి చేతి మీద నుంచి కిందకి దూకుతుంది, కాళ్ళకి తోలు పట్టీలుంటాయి కాబట్టి తలకిందులుగా వేలాడుతుంది. మెల్లగా రొమ్ము కింద చెయ్యి పెట్టి మళ్ళీ పైకి తెచ్చి కూర్చోబెట్టాలి. మళ్ళీ దూకుతుంది. మళ్ళీ కూర్చోబెట్టాలి.

"కొట్టరా చిన్నాయనా?"

"కొడితే అయిపాయ. కుక్కనన్నా కొడితే పడుంటాది గానీ దీన్ని ఒక్క దెబ్బ కొట్టినావనుకో, ఇంగ జన్మలో నీ చేతి మీదికి రాదు."

ఇది విన్నాక నాకు బైబిల్లో మోషే గుర్తొచ్చాడు, బండ సందులో పెట్టి తన చేత్తో కప్పాడు కదా దేవుడు, నిర్గమకాండం 33లో. ఆ చెయ్యి కింద ఉన్నంతసేపు మోషేకి కనపడింది చీకటే అయ్యుండాలి. నేను ఇన్నేళ్ళూ ఆ వాక్యాన్ని మహిమ గురించే చదివాను, చీకటి గురించి ఆలోచించలేదు.

సరే, అసలు నేను రాయాలనుకున్నది ఇది కాదు. తూకం గురించి.

ఆ షేక్ ఇంట్లో పొద్దున్నే మొదటి పని డేగని తూకం వెయ్యడమంట. చిన్న కాటా, దాని మీద కూర్చోడానికి ఒక కర్ర, బరువు చూసి పుస్తకంలో రాసుకోవడం. కిలో చిల్లర ఉండే పక్షి, ఆడదైతే ఇంకాస్త ఎక్కువ (డేగల్లో ఆడదే పెద్దది, వేటకి కూడా ఆడవాటినే ఎక్కువ ఇష్టపడతారు, ఇది చెప్తే మా ఆవిడ "తెలిసిన సంగతేగా" అంది). ప్రతి డేగకీ ఎగిరే బరువు అని ఒకటుంటుంది, దానికి కాస్త ఎక్కువున్నా ఆ రోజు వదలరు. ఎందుకంటే కడుపు నిండిన డేగ తిరిగి రాదు. అంతే. పెంచిన ప్రేమా లేదు, తెలిసిన మనిషనీ లేదు. "డేగ ఆకలికి వస్తాది నాయనా, ప్రేమకు కాదు" అన్నాడు. "అట్లని పస్తు పెట్టగూడదు. బరువు మరీ తగ్గితే రెక్కలో సత్తువ పోతాది, చచ్చిపోతాది. ఆకలి వేరు, పస్తు వేరు. ఆ తేడా తెలిసినోడే డేగని పెంచాల."

నాకు 2023లో ఉద్యోగం పోయింది. కంపెనీ పేరెందుకు, పొద్దున 9 గంటలకి కాల్ పెట్టి 15 నిమిషాల్లో అయిపోగొట్టారు, లాప్‌టాప్ మధ్యాహ్నానికి లాక్ అయింది. దానికి ముందు నాలుగేళ్ళు నా ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పుకోవాలంటే సిగ్గే, లేచేసరికి పది, ఆన్‌లైన్ ఆరాధన టీవీలో పెట్టి మ్యూట్ చేసి దోసెలు తినడం, ఆ తర్వాత మాల్. జీతం బాగుంది, ఈఎమ్ఐలు కడుతున్నాం, దేవుడు మంచివాడు, అక్కడితో సరి. ఉద్యోగం పోయిన రెండో ఆదివారం మాత్రం తొమ్మిదింటికే వెళ్ళి మన తెలుగు చర్చిలో వెనక బెంచీలో కూర్చున్నా. ఒక పెద్దావిడ చూసి నవ్వుతూనే అంది, "ఏం బాబూ, ఇప్పుడు గుర్తొచ్చాడా యేసయ్య?" అని. ఆవిడ తప్పేం లేదు, ఉన్న మాటే. కానీ ఏడు నెలలు ఆ మాట నాకు చేప ముల్లు ఇరుక్కున్నట్టు గొంతులో ఉండిపోయింది. ప్రార్థన మొదలుపెట్టగానే లోపల్నుంచి ఎవరో అడిగేవాళ్ళు, నువ్వొచ్చింది ఆయన కోసమా, ఆఫర్ లెటర్ కోసమా అని. అడిగేది నేనే లెండి.

ఈ తూకం సంగతి విన్న రాత్రి ద్వితీయోపదేశకాండం 8 తీశాను. "ఆయన నిన్ను అణచి నీకు ఆకలి కలుగజేసి" అని ఉంటుంది, ఆ తర్వాతే మన్నా, అంటే ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం. రొట్టె మాత్రమే కాదు అనే మాట అందరికీ నోటికొచ్చు, దాని పక్కనే ఉన్న ఆకలి మాట నేను చిన్నప్పటి నుంచీ దాటేసి చదివాను. అలాగే 32వ అధ్యాయం, మోషే పాట, పక్షిరాజు తన పిల్లల్ని రెక్కల మీద మోసినట్టు అనే మాట 11వ వచనంలో ఉంటుంది, అది క్యాలెండర్ల మీద వేస్తారు. నాలుగు వచనాలు కిందకి దిగితే "యెషూరూను క్రొవ్వినవాడై కాలు జాడించెను" అని ఉంటుంది, యెషూరూను అంటే ఇశ్రాయేలే. దాన్ని ఏ క్యాలెండర్ మీదా చూడలేదు నేను.

ఇంకో సంగతి కూడా చెప్పాడు చిన్నాయన, ఇది నన్ను వదలట్లేదు. ఒకసారి చలికాలం ఎడారిలో టెంట్లు వేసుకున్నప్పుడు షేక్ డేగ వేటకి పోయి తిరిగి రాలేదంట. తోకకి ట్రాన్స్‌మిటర్ కట్టుంటారు, యాంటెన్నా పట్టుకుని షేక్ పక్క సీట్లో, మా చిన్నాయన స్టీరింగ్ దగ్గర, ఇసకలో రాత్రి దాకా తిరిగారు. చివరికి ఒక కరెంటు స్తంభం మీద దొరికింది. కింద ఈకలు పడున్నాయి, అంటే దేన్నో పట్టుకుని కడుపు నిండా తినేసింది. షేక్ తిల్వా తీసి, అంటే పక్షి రెక్కలు కట్టిన ఎర, తాడుకి కట్టి గిరగిరా తిప్పుతూ పేరు పెట్టి పిలిచాడు. అది తల ఒక పక్కకి తిప్పి చూసిందంట, అంతే, మళ్ళీ ఈకలు సర్దుకుంది. ఇంక ఆయన తిల్వా మడిచేసి, తిని ఉంది, ఇప్పుడు రాదు, ఆకలయ్యేదాకా ఉందాం అన్నాడు. టెంట్‌లో మెత్తటి పరుపులున్న మనిషి, కారు సీటు వెనక్కి వాల్చుకుని ఆ స్తంభం కింద పడుకున్నాడు. చలికి మా చిన్నాయనకి నిద్ర పట్టలేదు. తెల్లారుజామున లేచి చూస్తే ఆయన బయట నిలబడి పైకి చూస్తున్నాడు. పొద్దెక్కాక మళ్ళీ తిల్వా తిప్పాడు, రెండో తిప్పుకే రాయి పడినట్టు పడింది కిందకి.

"తిట్టలేదా?"

"దాన్నా? మాంసం ముక్క పెట్టి తల నిమిరినాడు. నేను యాడికన్నా పోయి పది నిమిషాలు లేటయితే మాత్రం ఇంటికప్పు లేచిపోయేటట్టు అరుస్తాండె." తర్వాత నవ్వి, "దుబాయ్ వైపు డేగలకి పాస్‌పోర్టు కూడా ఇస్తారంట నాయనా, నా పాస్‌పోర్టేమో పద్దెనిమిదేండ్లు ఆయప్ప బీరువాలో ఉండె" అన్నాడు. ఇది నిజమే, యూఏఈలో డేగలకి పాస్‌పోర్టులిస్తారు. అందుకే ఆ షేక్‌ని దేవుడితో పోల్చడానికి నాకు మనసొప్పదు, పక్షిని ప్రేమించడం తేలికే, డ్రైవర్ని ప్రేమించడమే కష్టం. అయినా ఆ స్తంభం కింద రాత్రి మాత్రం మరిచిపోలేకపోతున్నా.

లూకా 15లో ఇల్లొదిలి పోయిన కొడుకు కథ చూడండి. చిన్న కొడుక్కి బుద్ధొచ్చినప్పుడు మొదట గుర్తొచ్చింది నాన్న ముఖం కాదు, నాన్న దగ్గర కూలివాళ్ళు తినే అన్నం. పందులు తినే పొట్టు కూడా దొరక్క ఇంటిదారి పట్టాడు. ఆ తండ్రి దూరం నుంచే చూశాడు, పరిగెత్తాడు, నువ్వొచ్చింది నా కోసమా అన్నం కోసమా అని అడగలేదు. మరి యోహాను 6లో రొట్టెలు తిన్నారు కాబట్టే నన్ను వెదుకుతున్నారు అని యేసు గట్టిగానే అన్నాడు కదా అంటారేమో, అన్నాడు. కానీ వాళ్ళని వెళ్ళగొట్టలేదు, జీవాహారం నేనే అని ఆ ఆకలితోనే మాట్లాడాడు. ఇది నా అర్థం, పాస్టర్ గారు ఏమంటారో తెలీదు.

పక్షిరాజు అంటే గుర్తొచ్చింది, వాట్సాప్‌లో తిరిగే ఆ కథ, 40 ఏళ్ళకి గద్ద కొండెక్కి ముక్కుని బండకేసి కొట్టుకుని, గోళ్ళు పీక్కుని, ఈకలు పీక్కుని మళ్ళీ యవ్వనం తెచ్చుకుంటుందని, అది అబద్ధమండీ. మూడు వేర్వేరు చర్చిల్లో విన్నాను ఈ ప్రసంగం. ముక్కు విరిగిన పక్షి తినలేదు, తినకపోతే ఆకలికి చస్తుంది, అంతే. నిజంగా జరిగేది ఇంకా బాగుంటుంది, ఈకలు కొన్ని కొన్నిగా రాలతాయి, ఇటు రెక్కలో ఒకటి రాలితే అటు కూడా దాదాపు అదే వరసది, బ్యాలెన్స్ పోకుండా. ఎగురుతూనే కొత్తదవుతుంది. ఒకవేళ ఈక మధ్యలో విరిగిపోతే డేగ పెంచేవాళ్ళు పోయిన ఏడాది రాలినవి దాచిపెట్టుకుంటారు, విరిగిన మొదట్లోకి సన్నటి పుల్ల దూర్చి, జిగురు పెట్టి, ఆ పాత ఈకని అతికిస్తారు. దాంతో ఎగురుతుంది, తర్వాత దానంతటది రాలి కొత్తదొస్తుంది. ఆ ఏడు నెలల్లో నాకు సొంత మాటలతో ప్రార్థన రాలేదు, మా అమ్మ కీర్తనల పుస్తకంలో చిన్నప్పుడు కంఠతా పట్టినవే నోట్లో ఆడేవి. వాటితోనే నెట్టుకొచ్చాను.

యోబు 39లో దేవుడు అడుగుతాడు, డేగ నీ జ్ఞానంతో ఎగురుతోందా, నువ్వు చెప్తే దక్షిణం వైపు రెక్కలు చాస్తోందా అని. ధర్మశాస్త్రంలో ఇదే డేగ తినకూడని అపవిత్రమైన పక్షుల లిస్టులో ఉంది, ఇక్కడేమో దాన్ని చూపించి గొప్పగా చెప్పుకుంటున్నాడు. ఈ దక్షిణం మాట చదివినప్పుడల్లా నాకు నాగాలాండ్ గుర్తొస్తుంది. అమూర్ డేగలని, 150 గ్రాములుంటాయేమో, సైబీరియా, చైనా వైపు నుంచి బయల్దేరి నాగాలాండ్‌లో ఆగి, మన నెత్తి మీదుగానే అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా పోతాయి. 2012లో దోయాంగ్ రిజర్వాయర్ దగ్గర వలలు వేసి లక్షకు పైనే పట్టి చంపారని లెక్కగట్టారు. ఏడాది తిరిగేసరికి పాంగ్తీ ఊళ్ళో వాళ్ళు ఆ వలలు మానేశారు, ఊరి కౌన్సిళ్ళతో పాటు చర్చిలు కూడా పూనుకున్నాయి. ముక్కు విరగ్గొట్టుకునే గద్ద ప్రసంగం కంటే అక్కడి పుల్పిట్ల మీద నుంచి చెప్పింది వెయ్యి రెట్లు మేలు.

మన దేశంలో డేగల్ని పెంచడం చట్టప్రకారం కుదరదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కాబట్టి పాప అడిగినట్టు మనమూ ఒకటి పెంచుకునే పని లేదు. పెట్టెని రెస్క్యూ అబ్బాయి బైక్ మీద తీసుకుపోయాడు. పోయేముందు మూత కాస్త ఎత్తి చూశాడు, లోపల టవల్ కింద నుంచి పసుపు పచ్చ కాలు ఒకటి బయటికి ఉంది, అట్టని గట్టిగా పట్టుకుని.

మూడో రోజు వాళ్ళకి ఫోన్ చేసి, అక్కడ్నుంచి చిన్నాయనకి చేశా. కుట్లు వేశారంట, ఎగురుతుందో లేదో నెల పోతే గానీ చెప్పలేమన్నారు అని చెప్పా. ఆయనకి కుట్ల సంగతి పట్టలేదు.

"తిన్న్యాదా?"

"రాత్రి మాంసం ముక్క పెడితే లాక్కుందంట."

"చేతిలోంచా, కింద పెడితేనా?"

అది అడగలేదు నేను. మళ్ళీ ఫోన్ చేసి కనుక్కోమన్నాడు.