చలికాలంలో ట్యూనా, వాహూ వేటకి వెనిస్ ప్రయాణం: నా అనుభవం

హ్యూస్టన్‌లో ఉండేవాళ్లకి సముద్రం గంట దూరమే. కానీ ఎల్లోఫిన్ అనే రకం ట్యూనా చేప కావాలంటే ఇక్కడి తీరం నుంచి చాలా లోపలికి పోవాలి, ఎందుకంటే అడుగు నెమ్మదిగా లోతవుతుంది. లూసియానాలోని వెనిస్ దగ్గర అలా కాదు. మిసిసిపీ నది వేల ఏళ్లుగా ఒండ్రు పోసి నేలని సముద్రంలోకి జరుపుకుంటూ పోయింది. నదీముఖం దాటిన కాసేపటికే లోతు నీళ్లు వచ్చేస్తాయి. అందుకే కారులో ఏడు గంటల ప్రయాణమైనా అక్కడికే వెళ్దామని ఆరుగురం తీర్మానించుకున్నాం.

చలికాలమే ఎందుకంటే, అక్కడ సముద్రం అడుగున ‘మిడ్‌నైట్ లంప్’ అనే ఉప్పు గుమ్మటం (నేల కింది ఉప్పు పైకి తోసుకొచ్చి లేచిన దిబ్బ) ఒకటుంది. చుట్టూ చాలా లోతు, గుమ్మటం కొన మాత్రం సుమారు 200 అడుగుల లోతు దాకా లేచి ఉంటుంది. ప్రవాహం దాన్ని ఒరుసుకుంటూ పైకి తిరిగే చోట చిన్న చేపలు గుమిగూడతాయి, వాటి వెనకే పెద్దవి వస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా ఎల్లోఫిన్‌కీ, పెద్ద వాహూలకీ ఆ చోటు పెట్టింది పేరు. వాహూ అంటే మన వంజరానికి దగ్గరి చుట్టం, ఒకటే కుటుంబం.

మాకు సొంత పడవ లేదు కాబట్టి చార్టర్, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే పడవ, మాట్లాడుకున్నాం. ఇలాంటి చిన్న పడవల్లో ఆరుగురికి మించి ఎక్కించరు. కెప్టెన్‌కి కోస్ట్ గార్డ్ లైసెన్సు ఉందా, ట్యూనా లాంటి వలస చేపలకి కావాల్సిన ఫెడరల్ పర్మిట్ పడవకి ఉందా అని ముందే అడిగాం. మా వంతు ఫిషింగ్ లైసెన్సులు ఆన్‌లైన్‌లో కొనుక్కున్నాం. బేరంలో తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి: డీజిల్ ఖర్చు అందులోనే ఉందా, చేప కోసి ఇచ్చే కూలి ఎవరిది, వాతావరణం బాగాలేక ఆగిపోతే అడ్వాన్సు సంగతేంటి. ఈ మూడో ప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చిన కెప్టెన్‌నే ఎంచుకున్నాం.

అసలు కథంతా వాతావరణమే. చలికాలంలో ఉత్తరం నుంచి చలిగాలి వరసగా దిగుతూ ఉంటుంది. ఆ చలిగాలి ముందంచునే ఫ్రంట్ అంటారు. ఒక ఫ్రంట్ దాటిన రోజు సముద్రం అల్లకల్లోలం. తర్వాత గాలి పడిపోతుంది, ఒకటి రెండు రోజులు నీళ్లు నిమ్మళిస్తాయి. ఆ తర్వాత గాలి ఆగ్నేయం నుంచి మొదలై మళ్లీ జోరు పెంచుతుంది, ఈలోగా ఇంకో ఫ్రంట్. ఆ మధ్య అదనులోనే వెళ్లి రావాలి. కాబట్టి ఒక శనివారం మీద పెట్టుకుంటే కుదరదు. ఆఫీసులో ఒక వారం మొత్తానికి చెప్పి ఉంచాలి.

మేం రోజూ నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల సముద్ర సూచన, నీళ్లలో తేలుతూ అలల్ని కొలిచే బోయాల లెక్కలు చూసేవాళ్లం. మాలో చిన్నవాడు, “మూడడుగుల అలలే కదన్నా, వెళ్లిపోదాం” అన్నాడు. ఉప్పాడలో పుట్టి పెరిగినాయన ఒకరు మాతో ఉన్నారు. “ఎత్తొక్కటే చూడకు తమ్ముడూ, ఒకదాని వెంట ఇంకోటి ఎంతసేపటికి వస్తుందో చూడు” అన్నారు. నిజమే. మూడడుగుల అలలు ఎనిమిది సెకన్లకొకటి వస్తే పడవ హాయిగా ఎక్కి దిగుతుంది. అవే నాలుగు సెకన్లకొకటి వస్తే నడుం విరిగిపోతుంది. అనుకున్న శనివారానికి రెండు రోజుల ముందు కెప్టెన్ ఫోన్ చేసి వద్దన్నాడు. మావాళ్లు కొందరు డీలా పడ్డారు గానీ, నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ ఫోన్‌తోనే.

తర్వాతి బుధవారం అదను దొరికింది. న్యూ ఓర్లీన్స్ దాటాక 23వ నంబరు హైవే నదిని ఆనుకుని కిందికి పోతుంది, దారిలో కమలా తోటలు కూడా ఉంటాయి. ఆ రోడ్డు చివరే వెనిస్. రాత్రే వాంతుల మాత్రలు వేసుకున్నాం. పడవెక్కాక వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు.

తెల్లారేసరికి నది మీద పొగమంచు. ఉత్తరాది నుంచి వచ్చే నది నీళ్లు చల్లగా ఉంటాయి, వాటి మీదికి దక్షిణం నుంచి వెచ్చటి తేమగాలి వస్తే పది గజాల దూరం కూడా కనపడదు. అదే దారిలో పెద్ద ఓడలు తిరుగుతుంటాయి. కెప్టెన్ తొందరపడలేదు. మంచు పలచబడేదాకా ఒడ్డునే కూర్చోబెట్టి, తర్వాత రాడార్ చూసుకుంటూ నెమ్మదిగా నడిపాడు.

నది మట్టినీళ్లు ఆకుపచ్చగా మారి, ఆ పచ్చదనం ఒక గీత దగ్గర తెగిపోయి నీలం మొదలైంది. అక్కడ వాహూ కోసం ఉక్కుతీగ కట్టిన ఎరలు నీళ్లలో వదిలి పడవని వేగంగా లాగించారు. తీగ లేకపోతే దాని పళ్లకి తాడు ఆగదు. ఉన్నట్టుండి ఒక రీలు కీచుమంది. నా చేతికి రాడ్ ఇచ్చేలోపే వందల గజాల తాడు పోయింది. పడవ పక్కకి వచ్చేసరికి దాని ఒంటి మీద నీలి చారలు దీపాలు వెలిగించినట్టు మెరుస్తున్నాయి. డెక్ మీద పడ్డాక మన కళ్ల ముందే అవి వెలిసిపోతాయి.

లంప్ మీద ఎర ముక్కలు చల్లుకుంటూ పోతే ట్యూనాలు లేచాయి. నిబంధన ప్రకారం ఎల్లోఫిన్ మూతి నుంచి తోక చీలిక దాకా ఒంటి వంపు వెంట కొలిస్తే కనీసం 27 అంగుళాలుండాలి, మనిషికి రోజుకి మూడే. ఈ సముద్రం, అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికో, బ్లూఫిన్ అనే ఇంకో రకం ట్యూనాలు గుడ్లు పెట్టే చోటు కాబట్టి వాటి కోసం వేటాడటం నిషేధం. నాకు ఈ రెండు నియమాలూ ఎంతో నచ్చాయి.

పట్టిన వెంటనే డెక్‌హ్యాండ్ (పడవలో కెప్టెన్‌కి సాయంగా ఉండే పనివాడు) చేప రొమ్ము రెక్క వెనక గాటు పెట్టి రక్తం పోనిచ్చాడు, తర్వాత ఐసూ ఉప్పునీళ్లూ కలిపిన పెట్టెలో ముంచాడు. ముట్టుకుంటే ట్యూనా ఒళ్లు వెచ్చగా ఉంది. పోరాడిన ట్యూనా కండ లోపల వేడెక్కి ఉంటుంది, త్వరగా చల్లార్చకపోతే పాడవుతుంది, తిన్నవాళ్లకి జబ్బు చేసే హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. అది ఎంత ఉడికించినా పోదు. కాబట్టి తిరుగు ప్రయాణంలోనూ ఐసు మార్చుకుంటూ వచ్చాం.

వాహూని వంజరంలాగే ముక్కలు కోసి, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించి వేయించాం. ట్యూనాని మాత్రం పులుసులో వేయలేదు. బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపూ నిమిషం కాల్చి, మిరియాల పొడి చల్లి తిన్నాం.