ఉద్దానం: ఊరందరికీ తెలిసిన జబ్బు, ఎవరింట్లోనూ లేని జబ్బు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం అనగానే రాష్ట్రమంతటికీ గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. 2017లో హార్వర్డ్ నుంచి వైద్యులు వచ్చి చూసిపోయారు. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీళ్ళ పథకం వేశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఎన్నికలొస్తే మైకుల్లో ఈ మాట మోగని రోజుండదు. ఇంత గోల ఉన్నచోట మౌనం ఏమిటని అడగొచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలమైనా సరే, ఏదో ఒక వీధిలోకి వెళ్ళి మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగి చూడండి. "మాకేటీ నేదు బాబూ, ఆ ఎనక వీధిలో ఉన్నాదంట" అంటారు. వెనక వీధికి వెళితే ముందు వీధిని చూపిస్తారు.

దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నాకా మాట ఒప్పదు. చెప్పుకుంటే ఏం పోతుందో, చెప్పకుంటే ఏం మిగులుతుందో ఆ ఇళ్ళవాళ్ళకు లెక్క బాగా తెలుసు. అసలు చిక్కేమిటంటే, ఆ లెక్కలో దాచడమే లాభంగా తేలుతుంది.

ముందు ఈ జబ్బు స్వభావమే దాచడానికి వీలిస్తుంది. తొలి దశల్లో నొప్పి ఉండదు, కాళ్ళు వాయవు, మూత్రం తగ్గదు. షుగరు వల్ల కిడ్నీ చెడితే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతుంది, పరీక్ష పుల్ల ముంచితే రంగు మారుతుంది. ఉద్దానం జబ్బులో ఎక్కువగా దెబ్బతినేవి కిడ్నీలోని సన్నని గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. ఆల్బుమిన్ పోయేది కొంచెమే. ఆ పుల్ల పట్టేది ప్రధానంగా ఆల్బుమిన్‌నే కాబట్టి చాలామందికి రంగు మారదు. "యూరిన్ బాగుంది" అన్న మాటతో ఇంటికొచ్చిన మనిషి రెండేళ్ళు నిశ్చింతగా ఉంటాడు. గర్భిణులకు నెలనెలా చేసేదీ ఇదే పుల్ల పరీక్ష కాబట్టి, వాళ్ళలోనూ జబ్బు అలాగే తప్పించుకుంటుంది. ఆనక ఏడో నెలలో బీపీ పెరిగితే గర్భం వల్ల వచ్చిందనుకుంటారు.

కాబట్టి రక్తంలో క్రియాటినిన్ చూడాలి. కిడ్నీ బయటకు పంపాల్సిన వ్యర్థమది, కిడ్నీ చెడేకొద్దీ రక్తంలో పేరుకుంటుంది. అక్కడ కూడా ఒక మోసం ఉంది. చీటీలో 1.2 అని వచ్చిందనుకోండి. చాలా ల్యాబుల్లో అది నార్మల్ హద్దులోనే ఉంటుంది, పక్కన ఏ గుర్తూ పడదు. పాతికేళ్ళ కుర్రాడికి 1.2 అంటే, 2021లో సవరించిన సూత్రంతో లెక్కగడితే, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో చెప్పే అంచనా) 86 వస్తుంది. పెద్దగా బెంగ లేదు. అదే 1.2 నలభై అయిదేళ్ళ ఆడమనిషికి వస్తే ఈజీఎఫ్‌ఆర్ 57. అరవై కంటే తక్కువ మూడు నెలలపాటు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. అంటే ఒకే అంకె, ఒకే "నార్మల్", కాని ఆమె జబ్బు అయిదు దశల్లో మూడో దశలో ఉండొచ్చు. ల్యాబులో ఈజీఎఫ్‌ఆర్ వేసివ్వకపోతే వయసు, ఆడా మగా చెప్పి అడిగి వేయించుకోవాలి. ఫోన్లో కూడా ఆ లెక్క వేసుకోవచ్చు.

ఒక్క పరీక్షతో తీర్పు చెప్పేయకూడదు. రోజంతా ఎండలో కొబ్బరి తోటలో పనిచేసి, నీళ్ళు సరిగ్గా తాగకుండా సాయంత్రం వచ్చి రక్తమిస్తే క్రియాటినిన్ కాస్త ఎక్కువే చూపిస్తుంది. ముందు రాత్రి వేటమాంసం గట్టిగా తిన్నా అంతే. అందుకే మూడు నెలలకు మళ్ళీ చూడాలి. మనిషి జారిపోయేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. రిజిస్టరులో ఇచ్చిన ఫోను నంబరు బావమరిదిది అవుతుంది. ఇంటికెళ్తే "పనికెళ్ళిపోనాడు" అంటారు.

క్యాంపు పెట్టే పద్ధతి కూడా దీనికి తోడవుతుంది. బడి వరండాలో బల్ల వేస్తారు. పెద్ద రిజిస్టరు తెరిచి పేరు, వయసు, బీపీ, క్రియాటినిన్ వరుసగా గళ్ళలో రాస్తారు. వెనక నిలబడ్డవాడు మెడ చాచి పైవాళ్ళ అంకెలన్నీ చదివేస్తాడు. పొద్దుగూకేసరికి ఎవరికి ఎంతుందో రచ్చబండకు తెలిసిపోతుంది. రెండోసారి క్యాంపు పెడితే, అనుమానం ఉన్నవాళ్ళే రారు. వచ్చినవాళ్ళ అంకెలు బాగుంటాయి, జబ్బు తగ్గుతోందని కాగితం మీద తేలుతుంది. ఆశా కార్యకర్తది కూడా ఆ ఊరే. ఆమె ఎవరికో పిన్ని, ఎవరికో వదిన. ఆమె ఎంత నోరు కట్టుకున్నా జనం నమ్మరు. పద్దెనిమిది దాటినవాళ్ళందరికీ ఒకే రోజు, ఇంటింటికీ వెళ్ళి తీసి, పేరు బదులు నంబరు వేసి, ఫలితాన్ని కవరులో పెట్టి పొరుగూరి మనిషి చేత ఇప్పిస్తే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. ఖర్చు కొంచెం పెరుగుతుంది, అంతే.

ఇక పెళ్ళి. దాపరికానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. సంబంధాలవాళ్ళు ఊరి పేరు వినగానే వెనక్కి తగ్గే ఊళ్ళున్నాయని పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. ఇది అంటుకునే జబ్బు కాదని ఎన్ని గోడల మీద రాసినా, పిల్లనిచ్చేవాళ్ళ భయం వేరు. కూతురు ముప్పయ్యేళ్ళకే ఒంటరిదైపోతుందేమోనన్నది వాళ్ళ బెంగ. అందుకని తండ్రికి జబ్బుంటే కొడుకు పెళ్ళయ్యేదాకా నోరెత్తరు. పరీక్ష ఇక్కడ చేయించరు. బరంపురమో విశాఖపట్నమో పోతారు. కొందరు వేరే పేరుతో చేయించుకుంటారు. దానివల్ల జరిగే నష్టం వెంటనే కనిపించదు. కిడ్నీ డాక్టరుకు నేటి అంకె ఒక్కటే చాలదు, పాత అంకెలు కావాలి. ఈజీఎఫ్‌ఆర్ ఏడాదికి రెండు పాయింట్లు తగ్గుతోందా, పది తగ్గుతోందా అన్నదాన్నిబట్టి వైద్యం మారుతుంది. వేరే పేరుతో ఉన్న చీటీలు ఆధార్ అడిగే చోట చూపించలేరు. అయిదేళ్ళ చరిత్ర చేతిలో ఉండి కూడా మనిషి కొత్త రోగిగా కూర్చుంటాడు.

గల్ఫుకు వెల్డరుగానో రిగ్గరుగానో పోదామని మెడికల్‌కు వెళ్ళి, అక్కడ "అన్‌ఫిట్" అయిన కుర్రాళ్ళది ఇంకో దారి. కారణం విడమరిచి చెప్పించుకోరు. ఊళ్ళో వీసా రాలేదంటారు.

దాచినకొద్దీ కిడ్నీ ఇంకా పాడవుతుంది, ఇది ఎలాగో కూడా చెప్పాలి. ఒళ్ళు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే డైక్లోఫెనాక్ సూది వేస్తాడు. ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ళలు కిళ్ళీ కొట్లో కూడా దొరుకుతాయి. ఇవి కిడ్నీకి రక్తం చేరవేసే నాళాలను బిగిస్తాయి, అలిసిన కిడ్నీకి ఇది పెద్ద దెబ్బ. కిడ్నీ సంగతి చెప్పి ఉంటే పారాసిటమాల్‌తో సరిపెట్టేవాడు. నీరసమంటే ముంజేతి సిరలోకి సెలైను ఎక్కిస్తాడు. రేపు డయాలసిస్‌కు కావలసింది ఆ సిరే. పదేపదే సూదులు దిగితే అది గట్టిపడి మూసుకుపోతుంది. రక్తం తీయాలన్నా సెలైను పెట్టాలన్నా అరచేతి వెనక వైపు పెట్టమని అడగాలి. ఆ మాట అడిగితే ఎందుకని అడుగుతారు కదా, అందుకే అడగరు.

చుట్టాలింటికి వెళితే ఇంకో పరీక్ష. ఉద్దానంలో ఇంటికొచ్చినవాళ్ళకు కొబ్బరి బొండాం కొట్టి ఇస్తారు, కాలంలో అయితే పనస తొనలు పెడతారు. రెండింట్లోనూ పొటాషియం బాగా ఎక్కువ. నాలుగు, అయిదు దశల్లో ఉన్నవాళ్ళ కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. వద్దంటే విషయం తెలిసిపోతుంది. తాగితే ప్రమాదం. చాలామంది తాగేస్తారు. "ఇప్పుడే తాగొచ్చినాను" అన్నది పనికొచ్చే అబద్ధం, దీన్ని మాత్రం నేను తప్పు పట్టను.

డయాలసిస్‌కు ముందు ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులా అన్నది ఒకటుంది. కుట్టాక సిర లావెక్కి సూదికి సిద్ధం కావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే అవసరానికి కొన్ని నెలల ముందే కుట్టించుకోవాలి. కాని అది చేతిమీద ఉబ్బి కనిపిస్తుంది, వేలు పెడితే జుమ్మని కొట్టుకుంటుంది. మే నెల ఉక్కలో ఫుల్ చేతుల చొక్కా గుండీ పెట్టుకుని తిరిగే మగాళ్ళు కొందరు దీన్ని కప్పుకుంటున్నవాళ్ళే. ఎక్కువమంది అసలు కుట్టించుకోరు. ఒక రాత్రి ఊపిరాడక ఆస్పత్రికి వస్తే, మెడ సిరలో గొట్టం పెట్టి డయాలసిస్ మొదలుపెట్టాల్సి వస్తుంది. ఆ గొట్టానికి ఇన్‌ఫెక్షను పట్టే ముప్పు ఫిస్టులా కంటే చాలా ఎక్కువ. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. ఇక దాచడానికి ఏమీ ఉండదు.

పింఛను చూడండి. డయాలసిస్‌మీద ఉన్నవాళ్ళకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయలు. ఇంకా డయాలసిస్‌కు వెళ్ళనివాళ్ళకు పింఛను రావాలంటే నిబంధనలు అడిగేది క్రియాటినిన్ 5 దాటడం, ఈజీఎఫ్‌ఆర్ 15 లోపు పడిపోవడం, కిడ్నీలు కుంచించుకుపోవడం వంటివి. మందులతో, నీళ్ళతో, ఎండపని తగ్గించడంతో ఏదైనా నిలబెట్టగలిగేది మూడో దశలో. ఆ దశలో బయటపడితే వచ్చేదేమీ లేదు, పోయేవి సంబంధమూ, కూలీ పనీ, అప్పు పుట్టే పరపతీ. అన్నీ పోయాకే నోరు తెరిస్తే డబ్బు వస్తుంది. జనం సరిగ్గా అలాగే నడుచుకుంటున్నారు. మూడో దశవాళ్ళకు నెలకు వెయ్యి ఇచ్చి, మూడు నెలలకోసారి పరీక్షకు వస్తేనే అని షరతు పెట్టినా పరిస్థితి మారేదని నా అభిప్రాయం.

కారణం ఇంకా తేలలేదన్నది పైవాళ్ళకు మంచి సాకు. ఎండవేడి, నీళ్ళు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి, ఏదీ ఖాయం కాలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ నది, దాని ఉపనదుల పక్క పల్లెల్లో దశాబ్దాలపాటు మనుషుల్ని తిన్న కిడ్నీ జబ్బుకు కారణం చివరికి గోధుమ చేలో కలుపు మొక్కలో దొరికింది. దాని గింజలు పిండిలో కలిసి అరిస్టొలోకిక్ ఆమ్లం ఒంట్లో చేరేది. అలాంటి జాడ తీయాలంటే ఏ ఇంట్లో, ఏ వయసులో, ఏ పని చేసేవాళ్ళకు వచ్చిందో తెలియాలి. ఇక్కడ ఇల్లే నోరు విప్పదు.

చివరికి చావు కూడా రికార్డులో పడదు. ఆశ లేదని తెలిశాక ఇంటికి తీసుకొచ్చేస్తారు. ఆస్పత్రి లెక్కలో ఆ మనిషి డిశ్చార్జి అయినట్టు. ఇంట్లో పోతే పంచాయతీ కార్యదర్శికి చెప్పేది "గుండె ఆగిపోయింది" అని. అది పూర్తి అబద్ధం కూడా కాదు. కిడ్నీ పోయాక రక్తంలో పొటాషియం పెరిగి గుండె నిజంగానే ఆగుతుంది. కాని డాక్టరు నింపే మరణకారణ పత్రంలోనే, గుండె ఆగడం లాంటి చనిపోయిన తీరు రాయొద్దు, దానికి దారితీసిన జబ్బు రాయండి అని సూచన ఉంది. మొదటి భాగంలో ఎ గడిలో నేరుగా చంపిన కారణం, బి, సి గళ్ళలో దాని వెనకున్న జబ్బులు. పొటాషియం పెరగడం ఎ లో రాస్తే బి లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అయిదో దశ అని రావాలి. బి ఖాళీగా వదిలితే ఆ చావు ఉద్దానం లెక్కలోకి రాదు.

ఆ మరణకారణ పత్రం ఆస్పత్రిలో పోతే ఫారం 4, బయట పోతే ఫారం 4ఏ. ఆఖరి జబ్బులో వైద్యం చేసిన డాక్టరు దాన్ని ఇవ్వాలి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. వెళ్ళేటప్పుడు చివరి డిశ్చార్జి కాగితం, ఆఖరి క్రియాటినిన్ చీటీ జిరాక్సులు పట్టుకెళ్ళాలి. అవి లేకపోతే కార్యదర్శి ఇంట్లోవాళ్ళు చెప్పిందే రాసుకుంటాడు. చదువుకున్న కొడుకో కూతురో డాక్టరు పక్కన కూర్చుని బి గడి నింపించుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. చిన్న తమ్ముడి పెళ్ళి ఇంకా కాలేదు కదా అని, ఆ పది నిమిషాలు కూడా చాలా ఇళ్ళు వదిలేస్తాయి.