అరోనియా కిస్‌మిస్ కాదు

మా తమ్ముడు ఆఫీసు పని మీద మూడు నెలలు వార్సాలో ఉండి వచ్చాడు. వస్తూ అందరికీ చాక్లెట్లు తెచ్చి, నాకు మాత్రం అరకిలో ఎండు అరోనియా పండ్లు చేతిలో పెట్టాడు. "అక్కా, నీకు వంటింట్లో ప్రయోగాలంటే ఇష్టం కదా" అన్నాడు. అసలు సంగతి, చివరి నిమిషంలో సూపర్ మార్కెట్లో చేతికి దొరికింది తెచ్చాడని నా అనుమానం. ప్యాకెట్ మీద ఉన్నదంతా పోలిష్ భాష. లోపల చూస్తే కాస్త పెద్ద సైజు మిరియాల్లా ఉన్నాయి, నల్లగా, ముడతలు పడి. కిస్‌మిస్ లాంటివే కదా అని ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాను.

రెండు నిమిషాలు మాట రాలేదు. నాలుక మీద సుద్ద రాసినట్టు, బుగ్గలు పళ్లకి అతుక్కుపోయినట్టు అయింది. పులుపు కాదు, చేదు కాదు, అచ్చమైన వగరు. మాది పలాస వైపు, చిన్నప్పుడు తోటలో జీడిమామిడి పండు కొరికి గొంతు పట్టేసి నీళ్ల కోసం పరిగెత్తినవాళ్లం కాబట్టి వెంటనే పోల్చుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, దీని ఇంగ్లిష్ పేరే చోక్‌బెర్రీ. గొంతు పట్టేస్తుందనే ఆ పేరు. పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు వైపు అయినా, రష్యాలో మిచూరిన్ అనే ఆయన దీన్ని పెంచి పాపులర్ చేశాక అటు యూరప్‌లో స్థిరపడిపోయింది, ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పండించేది పోలండే. అక్కడివాళ్లు కూడా ఊరికే తినేది తక్కువట, జ్యూసులు, జాములు, పండ్ల టీలు, ఇంట్లో చేసుకునే మద్యం, వీటికే ఎక్కువ వాడతారు. ఆ మాట మా తమ్ముడు ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మొదట సేమియా పాయసంలో వేశాను. నేతిలో వేయిస్తే కిస్‌మిస్ బుడగలా ఉబ్బుతుంది కదా, ఇవి ఉబ్బలేదు సరికదా ఇంకా బిగుసుకుని పంటి కింద రాళ్లయ్యాయి, పాయసమేమో గచ్చు కడిగిన నీళ్ల రంగుకి తిరిగింది. మా ఆయన బాగుందని అన్నారు గానీ రెండో గరిటె వద్దన్నారు. ఆ వారమే మావాడి కోసం కేక్ చేస్తూ పిండిలో నాలుగు స్పూన్లు కలిపాను. కోసి చూస్తే ప్రతి పండు చుట్టూ బూడిద పచ్చ రంగు వలయం. "అమ్మా, బూజు పట్టింది" అని వాడు ప్లేటు వెనక్కి నెట్టేశాడు. బూజు కాదు, వంటసోడా చేసిన పని. ఈ పండు రంగంతా ఆంథోసయనిన్లది, అవి పులుపు తగిలితే ఎర్రగా, సోడా తగిలితే నీలం, పచ్చ వైపు మారతాయి. బడిలో మందార పువ్వు రసంతో ఆమ్లం, క్షారం అంటూ చేసిన ప్రయోగమే ఇది. వాడికి అది కూడా చెప్పాను, కేక్ మాత్రం తినలేదు.

మూడోసారి చింతపండు బదులు చారులో వేశాను. దాని గురించి మాట్లాడుకోవద్దు.

దారి చూపించింది పక్కింటి ఆంటీ. ఇక్కడ బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఫ్లోర్‌లో ఉంటారు, మైసూరు వైపు మనిషి. ఒకటి నమిలి కన్నడలో "తుంబా ఒగరు" (చాలా వగరు) అన్నారు. వగరు, ఒగరు. అక్షరం తేడా. "ఇది ద్రాక్ష కాదమ్మా, గొజ్జు చెయ్" అని వెళ్లిపోయారు. అప్పుడు వెలిగింది. నేను దీన్ని తియ్యటి ఎండు పండులా చూస్తున్నాను, చూడాల్సింది వగరు వస్తువులా. వగరుకి కారణం టానిన్లు, అవి లాలాజలంలో ఉండే ప్రొటీన్లని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, అందుకే నోరు ఎండిపోయినట్టు ఉంటుంది. వాటికి వేరే ప్రొటీన్ అందిస్తే మన నోటి జోలికి అంతగా రావు, టీ డికాక్షన్‌లో పాలు పోస్తే జరిగేది అదే. ఇక ఉప్పు, బెల్లం, కొబ్బరి సంగతి మన వంటిళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు.

గొజ్జు ఇలా చేశాను. ఒక చిన్న కప్పు అరోనియా కడిగి, మునిగేదాకా వేడినీళ్లు పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున నొక్కితే మెత్తగా ఉంది, మధ్యకి చీలిస్తే లోపల బుల్లి గింజలు, ఆపిల్ గింజలకి పిల్లల్లా (ఇదీ ఆపిల్ కుటుంబమే). శనగపప్పు, మినప్పప్పు ఒక్కో స్పూను, రెండు స్పూన్ల నువ్వులు, నాలుగు ఎండుమిర్చి వేయించి, గుప్పెడు పచ్చికొబ్బరితో మెత్తగా రుబ్బాను. మెంతులు మామూలుగా వేస్తారు గానీ నేను మానేశాను, వగరు మీద చేదు ఎందుకని. తాలింపులో పండ్లు వేసి, కాస్త చింతపండు పులుసు, నిమ్మకాయంత బెల్లం, ఉప్పు వేసి దగ్గరపడేదాకా ఉడికించాను. చల్లారాక నూనె అంచుల్లోకి తేలి ముదురు వంకాయ రంగులో నిగనిగలాడింది. ఆ రోజు కంటే రెండో రోజు బాగుంది. వాక్కాయ పచ్చడికి దూరపు చుట్టం, కాకపోతే పులుపు తగ్గి వగరు నాలుక చివర మిగులుతుంది. నానబెట్టిన నీళ్లు పారబొయ్యకండి, బెల్లం, నిమ్మరసం, చిటికెడు శొంఠి కలిపితే మంచి పానకం.

అంతకంటే నాకు నచ్చింది దద్ధ్యోజనం. దానిమ్మ గింజల బదులు నానిన అరోనియా ఒక స్పూను కలిపి అరగంట వదిలేస్తే పెరుగు అక్కడక్కడ గులాబీ రంగు చారలు కడుతుంది, వగరు సగానికి సగం తగ్గుతుంది. ఆవాలు, అల్లం, కరివేపాకు మధ్య ఒక్కోటి పంటికి తగులుతుంటే బాగుంటుంది. కేక్ తినని మావాడు కూడా దీన్ని తిన్నాడు.

ఆరోగ్యానికి అమృతమని ఊదరగొట్టే వీడియోలు నాకూ పంపారు. రంగుకి కారణమైన ఆ పదార్థాలు దీంట్లో బాగా ఎక్కువే, కాదనను. కానీ అవి మన నేరేడులోనూ ఉన్నాయి, జూన్ వస్తే మల్లేశ్వరం ఫుట్‌పాత్ మీద బుట్టల్లో పెట్టి అమ్ముతారు, విమానం ఎక్కి రావక్కర్లేదు. నేను దీన్ని రుచి కోసమే వండుతున్నాను.

ఒక జాగ్రత్త, తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో నానబెట్టకండి. నాది సబ్బు తగలగానే ఎర్ర మరక కాస్తా నీలంగా మారింది, ఎంత తోమినా పోలేదు. ఇప్పుడా గిన్నెలో ఉల్లిపాయలు పోసుకుంటున్నాను.