ఎద్దు చెవి, గుడ్లగూబ, మా అమ్మాయి

మా అమ్మాయి చదివే లండన్ బడిలో ఈ ఏడాది ప్రాచీన ఈజిప్టు పాఠాలు చెప్పారు. చిత్రలిపిలో తన పేరు రాసుకొని వచ్చిన ఆ ఎనిమిదేళ్ల పిల్ల అంతటితో తృప్తి పడక, ఆ భాషలో మాట్లాడడం ఎలాగో చెప్పమని పట్టుబట్టడంతో, గ్రంథాలయం నుంచి ఒక వ్యాకరణ పుస్తకం తెచ్చి ఇద్దరం ముందు వేసుకొని కూర్చున్నాం.

ఈజిప్టు వ్యాకరణాలు నమూనాగా తీసుకునే క్రియ 'సెజెమ్', అంటే వినడం. దానిని రాయడానికి ఎద్దు చెవి బొమ్మ, పక్కనే 'మ' ధ్వనికి గుడ్లగూబ. ఆ లిపిలో అచ్చులు రాయరు కనుక, పలకడానికి వీలుగా పండితులు హల్లుల మధ్య 'ఎ'కారం చేర్చుకుంటారు. ఈ క్రియకు చెప్పినట్టు నడుచుకోవడమనే అర్థమూ ఉంది. రాజుల సమాధులను తొలిచిన దెయిర్ ఎల్-మెదీనా అనే ఊరి పనివారిని 'సత్యస్థానంలో పిలుపు వినేవారు' అనేవారు. పిలుపు వినేవాడంటే సేవకుడని భావం.

అది చదివి నాకు నవ్వొచ్చింది. "మాట వినవేం?" అని నేను కసిరినప్పుడల్లా, వినబడుతూనే ఉందని ఇంగ్లీషులో జవాబిచ్చి తన పని తాను చేసుకుపోయే పిల్లకు, మన 'విను'లో రెండు అర్థాలున్నాయని నేను ఏనాడూ విడమరచి చెప్పలేదు.

ఆ భాషలోనూ క్రియ చివర చేరే ప్రత్యయమే కర్త ఎవరో చెబుతుంది. సెజెమెఫ్ అంటే అతడు వింటాడు, సెజెమెస్ అంటే ఆమె వింటుంది, సెజెమెసెన్ అంటే వారు వింటారు. ప్రత్యయానికి ముందు 'న' చేరితే సెజెమెనెఫ్, అతడు విన్నాడు. 'నీవు వింటావు' అనడానికి మగపిల్లవాడితో సెజెమెక్, ఆడపిల్లతో సెజెమెచ్. ఇంగ్లీషు 'హర్డ్' ఎవరు విన్నా మారదు. "నేను విన్నాడు" అని మా పిల్ల చాలాకాలం అనడానికి కారణం అదేనని నా అనుమానం.

ప్రాచీన ఈజిప్టు భాష చివరి రూపం కాప్టిక్. ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ చర్చి ప్రార్థనల భాషగా మిగిలిన దానిలో ఈ క్రియ 'సోతెమ్'గా నేటికీ ఉంది. 'అతడు' అని చెప్పే 'ఫ' ముందుకు జరగడంతో 'అతడు విన్నాడు' అనే మాట 'అఫ్‌సోతెమ్' అయింది. ఇళ్లలో మాట్లాడడం ఆగిపోయి ప్రార్థనలో మిగిలిన భాష అది. వేమన పద్యం గడగడా అప్పజెప్పి, మంచినీళ్లు మాత్రం ఇంగ్లీషులో అడిగే పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని ఆ సంగతి చదవడం కష్టంగానే అనిపించింది.

పిల్ల మాత్రం ఈజిప్టు పట్టిక పక్కన గీత గీసి, నేను అడగకుండానే విన్నాను, విన్నావు, విన్నాడు అని రాసుకుంటూ పోయి, 'వింది' దగ్గర ఆగింది. పిల్లి విన్నా వింది, తాను విన్నా వింది ఏమిటని నిలదీసింది. ఈజిప్టులో తనకు 'స' ఉందట. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో, అంటే జంతువులు, వస్తువుల పేర్లతో కలుస్తాయని, బహువచనంలో 'విన్నారు' అంటూ మగవారి సరసన చేరతాయని చెప్పి చూశాను.

ఆదివారం గుంటూరు నుంచి మా అమ్మ ఫోనులో "పిల్ల మాట వింటోందా?" అని నన్ను అడిగింది. అమ్మాయి ఫోను లాక్కొని, "అమ్మమ్మా, వింటోంది అంటే పిల్లి. నన్ను వింటున్నారు అనాలి" అంది.