అమ్మ కారు, అడుగున తుప్పు

"కనపడకుండా చేసేస్తాను మేడమ్."

సాయంత్రం టింకరింగ్ షెడ్డులో మేస్త్రీ అన్న ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. పదకొండు దాటింది. ఈయన పడుకున్నారు, అమ్మ గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం. రాసేస్తే కాస్త మనసు కుదుటపడుతుందేమో అని కూర్చున్నాను.

అమ్మ కారు, ఆ పాత మారుతీ 800 సంగతే. వానలు మొదలైనప్పటి నుంచి డ్రైవర్ సీటు దగ్గర ముక్క వాసన వస్తోంది. ఇవాళ పొద్దున్న రబ్బరు మ్యాట్ తీసి, కార్పెట్ ఎత్తి చూశాను. దాని కిందుండే ఫెల్టు నీళ్ళు పీల్చుకుని బరువెక్కిపోయింది. పిండితే గోధుమరంగు నీళ్ళు కారాయి. రేకు మీద పెయింటు పొలుసులుగా లేచి ఉంది. ఒక పొలుసు గోటితో తీస్తే దాని కింద ఇంకోటి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్ళాను. బాగున్న చోట ఖంగుమంటోంది. క్లచ్ పెడల్ కిందికి వచ్చేసరికి చప్పుడే లేదు. కొన పెట్టి కాస్త నొక్కాను, దిగిపోయింది. బయటికి తీస్తే ఆ చిల్లులోంచి సెల్లార్ గచ్చు కనపడింది.

సరే, సాయంత్రం షెడ్డుకి తీసుకెళ్ళాను. ఆయన కిందకి వంగి చూడనే లేదు. బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, వెనక చక్రం పైన పెయింటు పొంగిన చోట చెయ్యి పెట్టి, ఫుల్ పెయింటింగ్ చేయించేయండి, కొత్తబండిలా ఉంటుందన్నాడు. అడుగున చిల్లు మాటేమిటని అడిగితే, రేకుముక్క పెట్టి, లప్పం పట్టించి, తారు పూసేస్తారట. "పైన మ్యాట్ వస్తుంది కదా మేడమ్, కనపడదు."

కనపడకపోతే సరిపోతుందా? నా కాళ్ళు ఉండేది అక్కడే కదా! బాబు స్కూల్ బ్యాగు పెట్టేది ఆ పక్కనే కదా. తుప్పు లోపల ఉండగా పైన లప్పం పెడితే ఆ తేమ ఎటు పోతుంది? ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే ఎక్కువ చోటు కావాలి. అందుకే పెయింటుని పైకి తోస్తుంది, పొంగు వస్తుంది. అంటే మనకి బయట పొంగు కనపడేసరికి లోపల్నుంచి చాలావరకు తినేసి ఉంటుంది. ఇవేమీ నేను కనిపెట్టినవి కావు, రోజూ ఆ పని చేసేవాళ్ళకి నాకంటే బాగా తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాడనే నా బాధ.

ఇది ఈ మేస్త్రీ ఒక్కడి పద్ధతీ కాదు. 2018లో పదిహేనేళ్ళు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్ళే ముందు ఇంకో షెడ్డులో వెనక చక్రాల పైభాగం బాగుచేయించాం. అప్పుడు అద్దంలా మెరిసిపోయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా బండి బాగా ఉంచుకున్నారమ్మా అన్నారు. ఇవాళ షెడ్డు నుంచి వచ్చాక ఫ్రిజ్ మీది తిరుపతి మ్యాగ్నెట్ తీసుకెళ్ళి అక్కడ పెట్టి చూశాను. తలుపుకి టక్కున అతుక్కుంది. వెనక చక్రం పైన పెడితే జారి కింద పడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అక్కడ రేకే లేదు, వేలి మందాన లప్పం ఉంది. డబ్బు తీసుకున్నది రేకు మార్చినందుకు. ఇన్నేళ్ళూ మేం కడిగి, తుడిచి, పాలిష్ పెట్టింది ఆ లప్పానికి!

ఆ కోపంలోనే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. "స్క్రాప్‌కి ఇచ్చెయ్ అక్కా. సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త కారు కొంటే ట్యాక్స్‌లో రాయితీ వస్తుంది. దానికి పెట్టే డబ్బులకి అర్థం లేదు." మేస్త్రీ చెప్పింది నలభై వేలు. బండి అమ్మితే అంత కూడా రాదు. 2023లో రెన్యువల్‌కి ఐదు వేలు ఫీజు కట్టాం, 2028లో మళ్ళీ వెళ్ళాలి, ఇరవై ఏళ్ళు దాటిన కారుకి ఇప్పుడది పది వేలు. వాడి లెక్క తప్పని నేననను. ఫోన్ పెట్టేసేటప్పటికి ఇచ్చేద్దామనే అనుకున్నాను. రాయడం మొదలుపెట్టినప్పుడు కూడా అదే అనుకుంటున్నాను.

కానీ ఆ ఫెల్టు పిండుతున్నప్పటి నుంచి హుద్‌హుద్ తుపాను గుర్తొస్తోంది.

మారుతీ 800 తయారీ ఆపేసింది 2014 జనవరిలో. పేపర్లో ఆ వార్త చదివి అమ్మ ఆ రోజంతా అదోలా ఉంది. అదే ఏడాది అక్టోబర్ 12న తుపాను మన విశాఖ మీదే తీరం దాటింది. అప్పుడింకా లాసన్స్ బేలో పాత ఇంట్లో ఉన్నాం. ముందురోజు రేడియోలో విని అమ్మ వెళ్ళి ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకొచ్చింది, ఎందుకే ఇప్పుడని నాన్న విసుక్కుంటున్నా వినకుండా. ఆదివారం ఆ గాలి సంగతి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మర్నాడు తలుపు తీస్తే వీధిలో ఒక్క చెట్టుకీ ఆకు లేదు. కారు అద్దాల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పే. వేపచెట్టు ప్రహరీ మీద పడింది, కారుకి మూరెడు దూరంలో.

కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోన్లు లేవు. పాల ప్యాకెట్ దొరకడమే గగనం. పెట్రోలు బంకుల దగ్గర పెద్ద పెద్ద క్యూలు. అమ్మ కారులో వెనక సీటు ఊడదీసి వరండాలో పెట్టించి, ఆ ఖాళీలో నీళ్ళ టిన్నులు సర్దింది. ముందు సీటు దగ్గర కూడా బిందెలే. పడిన కొమ్మల మధ్య నుంచి, తెగిన తీగలు తప్పించుకుంటూ, చీర చెంగు బొడ్లో దోపుకుని, వెళ్ళి నింపుకొచ్చేది. మనకే కాదు, ఎదురింటి మామ్మగారికి, వెనక వీధిలో బాలింత ఉన్న ఇంటికి కూడా. ప్రతి మలుపులోనూ నీళ్ళు తొణికి కారంతా తడిసేది. ఆరబెట్టే తీరికెక్కడ? అమ్మ ఎండలో తలుపులు తెరిచి పెట్టేది, అంతే. కార్పెట్ పైన ఆరి ఉంటుంది. కింది ఫెల్టు ఆరి ఉండదు. ఉప్పు గాలికి ఆ తడి తోడైతే రేకు ఎంతకాలం ఆగుతుంది? ఆ చిల్లు నిరుడు పడింది కాదు, అప్పుడు మొదలైందే అయ్యుంటుంది.

ఇంతవరకూ రాసి లేచి నీళ్ళు తాగొచ్చాను. బాగుచేయించి తీరాల్సిందే అనిపించింది. అయితే అమ్మ దగ్గర రాత్రి అన్నం తినేటప్పుడు ఈ విషయం ఎత్తితే తను అడిగిన ప్రశ్న ఒక్కటే. "చాసిస్ బాగుందా?" తుపాను మాట ఎత్తలేదు, ఉంచమనీ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ పట్టకపోయినా బండి గురించి మా అందరికంటే తనకే తెలుసు.

నిజమే, ముందు తేలాల్సింది అది, బండి బరువు మోసే చట్రం సంగతి. నేల రేకు కుళ్ళితే కోసి కొత్తది అతకొచ్చు. తలుపుల కింద పొడవునా ఉండే సిల్లు డొల్లబారితే అదీ కష్టపడి మార్చొచ్చు. ముందు సస్పెన్షన్ బిగించే చోటు, సీటు బెల్టు బోల్టు ఉన్న చోటు తుప్పు తినేసి ఉంటే మాత్రం ఎన్ని జ్ఞాపకాలున్నా బాబుని అందులో కూర్చోబెట్టను. తమ్ముడు చెప్పినట్టే చేస్తాను.

అవి గట్టిగా ఉంటే నా నిర్ణయం ఇదీ: పెయింటింగ్ వద్దు. బానెట్ మీద ఎరుపు వెలిసిపోయింది, వెలవనీ. ఆ డబ్బంతా అడుగున పెడతాను. పాత లప్పం మొత్తం చెక్కించి, మంచి రేకు తగిలేదాకా కోయించి, అంచు అంచుకీ వెల్డింగ్. గ్యాస్ వెల్డింగ్ ఒప్పుకోను, ఆ వేడికి పల్చటి రేకు వంకర పోతుంది, చుట్టుపక్కల పెయింటు కూడా కాలుతుంది. సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ రక్షణలో కరెంటుతో తీగ కరిగించి అతికేది) ఉన్న షెడ్డు గాజువాక వైపు ఉందని ఈయన ఆఫీసులో ఒకరు చెప్పారు. వెల్డింగ్ అయ్యాక రెండు వైపులా ప్రైమర్, అతుకుల దగ్గర సీలెంట్, ఆ తర్వాతే కింద కోటింగ్. సిల్లుల లోపలికి మైనం కొట్టించాలి. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాలు మట్టితో పూడిపోయాయి, అవి రేపు పిన్నీసుతో నేనే పొడుస్తాను.

గాజువాక షెడ్డుకి పొద్దున్నే ఫోన్ చెయ్యాలి. ముందు బండి లిఫ్ట్ మీదకి ఎక్కించి కింద చూపిస్తారా అని అడగాలి. చూపించనంటే అక్కడ కూడా ఇవ్వను. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీసేయమని, అడుగున పోయే పెట్రోలు పైపు విప్పమని గుర్తుగా చెప్పాలి. అప్పటిదాకా బాబు ఆటోలో వెళ్తాడు.