ఉతికేసిన అమ్మ వాసన

ఇవాళ నాకు తెల్లవారింది మూడూ ఇరవైకి. హాల్లో చాప మీద పడుకుని ఉన్నాను, కుడి చెయ్యి అట్టపెట్టెలో ఉంది. భుజం దగ్గర్నుంచి తిమ్మిరెక్కిపోయింది. మెల్లిగా తీసేద్దామని వేలు కదిపానో లేదో, పెట్టెలోంచి సన్నగా ఒక 'కుంయ్'. మళ్లీ పెట్టేశాను. నా మణికట్టు మీద గడ్డం ఆనించి పడుకుంది దొరసాని. పట్టుమని రెండు కిలోలుండదు మనిషి (కుక్కపిల్లని మనిషి అంటున్నానని మా అమ్మాయి నవ్వుతోంది, అననీ), మూడు రాత్రులుగా ఇంటిల్లిపాదికీ జాగారం చేయిస్తోంది.

ఇంకా పేరు పెట్టలేదు. ఆ విషయంలో ఇంట్లో రెండు పార్టీలు. మా అమ్మాయి చెప్పిన పేరు మా ఆయనకు నచ్చదు, ఆయన చెప్పిన పేరుకి ఎవరికీ నోరు తిరగదు. వాళ్లు తేల్చుకునేదాకా నేను 'బుజ్జీ' అని పిలుస్తున్నాను. అదే ఖాయమయ్యేట్టుంది.

మొదటి రాత్రి గురించి రాసుకోవాలి. తప్పంతా అక్కడే జరిగింది. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లదీ ఫోన్ చేసినవాళ్లదీ ఒకటే మాట: "ఒక్క రాత్రి ఏడవనివ్వండి. ఎవరూ రాకపోతే అదే ఊరుకుంటుంది. దగ్గరకు తీశారంటే నెత్తికెక్కుతుంది." ఇంతమంది చెబుతున్నారు కదా, సరేనని వంటింట్లో దుప్పటి పరిచి, తలుపేసి వచ్చి పడుకున్నాం. అయిదు నిమిషాలు కుయ్‌కుయ్. ఆ తర్వాత తలుపు గీకడం. ఆ తర్వాత ఊళ. అంత చిన్న గొంతులో అంత ఊళ ఎక్కడ దాచుకుందో! నలభై నిమిషాలు పళ్లు బిగబట్టి పడుకుని, ఇక నావల్ల కాక లేచి పరిగెత్తాను. దుప్పటి తడిపేసుకుని, ఆ తడిలోనే తొక్కుకుని, తలుపు సందుకి ముక్కు ఆనించి వణుకుతూ నిలబడి ఉంది.

ఎటు చూసినా నేను చేసింది చెడ్డ పనే. మొదట్లోనే వెళ్లినా బాగుండేది. నలభై నిమిషాలు ఏడిపించి అప్పుడు వెళ్లడమంటే, 'నలభై నిమిషాలు ఏడవాలి, అప్పుడు వస్తారు' అని దానికి పాఠం చెప్పడమే. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎలకలతో, పావురాలతో చూపించింది ఇదే కదా. ప్రతిసారీ కాకుండా ఎప్పుడో ఒకసారి ఫలితం దక్కే అలవాటు ఓ పట్టాన వదలదు. మా అమ్మాయి చిన్నప్పుడు చాక్లెట్ల కోసం ఇదే ప్రయోగం చేసింది. అప్పుడు ఎలకని నేను.

పోనీ, అసలు వెళ్లకుండా ఉంటే ఏమయ్యేది? ఊరుకునేది, నిజమే. గొంతు పోయి ఊరుకునేది. ఊరుకోవడం వేరు, కుదుటపడడం వేరు. మా అమ్మతో ఫోన్లో ఈ మాటే అంటే, "ఏమే, నిన్నూ అలాగే ఊరుకోబెట్టానా నేను?" అని అడిగింది. లేదు. చంకలోంచి దింపితే ఏడ్చేదాన్నట, ఏడాదిదాకా దింపలేదట.

నిన్న మధ్యాహ్నం కూర్చుని లెక్క వేశాను. దీనికి ఎనిమిది వారాలు నిండి నాలుగు రోజులు. కుక్కపిల్లలు పుట్టినప్పుడు కళ్లు మూసుకుని ఉంటాయి, చెవులూ మూసుకునే ఉంటాయి. రెండో వారంలో కళ్లు, మూడో వారానికి చెవులు తెరుచుకుంటాయి. అంటే ఇది లోకాన్ని చూడడం మొదలుపెట్టి ఆరు వారాలు, వినడం మొదలుపెట్టి అంతకంటే తక్కువ. ఆ కాస్త జీవితంలో ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకోలేదు. ఒకదాని మీద ఒకటి కుప్పగా, పక్కన తల్లి, ఎటు ఒత్తిగిలినా ఇంకో వెచ్చని ఒళ్లు. అలాంటిదాన్ని తెచ్చి గచ్చు మీద పెట్టి తలుపేశాం. ఏడవక ఏం చేస్తుంది? తల్లికి దూరమైన కూన ఎక్కడున్నానో గొంతెత్తి చెప్పకపోతే తల్లికి దొరకదు. ఏడుపంటే దానికి పేచీ కాదు, కేక. నోరులేని జీవం అంటాం గానీ, ఉన్నదంతా ఆ నోరే.

జాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1970ల చివర్లో ఒక పరిశోధన చేశారు. విడిగా ఉంచిన కుక్కపిల్లలకి చాలా కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇస్తే ఏడుపు బాగా తగ్గిందట. నొప్పిని తగ్గించే మందుకి ఒంటరితనపు ఏడుపూ తగ్గిందంటే, ఆ రెండూ మెదడులో ఎక్కడో ఇరుగుపొరుగు అన్నమాట. ఇది చదివాక మొదటి రాత్రి నలభై నిమిషాలు గుర్తొచ్చి గిల్టీగా అనిపించింది. చదవకుండా ఉంటే బాగుండేదనీ అనిపించింది.

ఇక గుడ్డ కథ. ఇది రాయకపోతే మా ఆయనకి అన్యాయం చేసినట్టు. కూనని ఇచ్చినవాళ్లు దానితోపాటు ఒక పాత తువ్వాలు కూడా ఇచ్చారు. తల్లి, మిగతా పిల్లలు దాని మీదే పడుకునేవట. ఆ వాసన పక్కలో ఉంటే దీనికి ధైర్యంగా ఉంటుందని చెప్పి మరీ ఇచ్చారు. మనిషి కంటే కొన్ని పదుల రెట్లు ఎక్కువ వాసన కణాలున్న ముక్కు దానిది. మనకి ఫొటో ఎలాగో దానికి ఆ తువ్వాలు అలాగ. ఈయన పని రోజూ ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, పది సార్లు చెబితే ఒక్కసారి కూడా బట్టలు మెషీన్లో వేయని మనిషి, ఆ రోజు ఎవరూ చెప్పకుండానే ఆ తువ్వాలు వేడినీళ్లలో, రెండింతలు సబ్బుపొడి వేసి ఉతికేశారు. "చిన్నపిల్ల కదా, శుభ్రంగా ఉండాలని" అన్నారు. మల్లెపూల వాసనొచ్చే తువ్వాలుని బుజ్జి ఒకసారి మూచూసి, తుమ్మి, అవతలికి వెళ్లి పడుకుంది.

రెండో రాత్రి ప్రయోగం గడియారం. టిక్‌టిక్‌మనే గడియారాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెడితే తల్లి గుండె చప్పుడు అనుకుంటుందట. అనుకుందో లేదో దానికే తెలియాలి. పక్కనే సోఫాలో నేను కూడా ఉన్నాను కాబట్టి, కాస్త తక్కువ ఏడ్చిన పుణ్యం ఎవరిదో చెప్పలేను. ఆ గడియారానికి మా అమ్మాయి ఎప్పుడో పరీక్షల కోసం అయిదింటికి అలారం పెట్టిన సంగతి మాత్రం మాకెవరికీ గుర్తులేదు. అయిదింటికి తల్లి గుండె గణగణా మోగింది. బుజ్జి గాల్లోకి లేచి, దిగుతూ దిగుతూ పాస్ పోసింది. నేను సోఫా మీంచి పడ్డాను. గడియారం మళ్లీ అలమరాలోకి వెళ్లిపోయింది.

అందుకే నిన్న రాత్రి ఏ పరికరమూ లేకుండా చాప వేసుకుని చెయ్యి పెట్టేశాను. మూడూ ఇరవై ఏడుపు సంగతి వేరే. నాకిప్పుడు దాని ఏడుపులు కొంచెం కొంచెం విడివిడిగా తెలుస్తున్నాయి. ఒంటరిగా ఉన్నప్పటి ఏడుపు సాగుతుంది, చివర ఊళలోకి తిరుగుతుంది, మధ్యలో ఆగి మన అడుగుల చప్పుడు వింటుంది. పాస్‌కి వెళ్లాల్సినప్పుడు సాగదీయదు, పొట్టి పొట్టిగా వరసపెట్టి అంటుంది, ఒకచోట నిలవదు, గుండ్రంగా తిరుగుతూ నేల మూచూస్తుంది. దీని వయసుకి మూడు గంటలు బిగబట్టుకుంటే అదే గొప్ప. ఎన్ని నెలలుంటే దానికి ఒకటి కలిపి అన్ని గంటలని ఒక మోటు లెక్క ఉంది. అంటే రాత్రంతా లేవకుండా పడుకోమనడం మనదే అత్యాశ. మొదటి రాత్రి అది ఒంటరితనానికి మొదలుపెట్టి, మధ్యలో పాస్‌కి కూడా పిలిచి ఉంటుంది. మేం రెంటికీ తలుపే చూపించాం.

లేచి ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లాను. లైటు వేయలేదు, ముద్దులాడలేదు, మాట్లాడలేదు. పని అయ్యాక ఒక్క "శభాష్" మాత్రం అన్నాను. రాత్రిపూట సరదా చూపిస్తే అర్ధరాత్రి ఆటలు మొదలవుతాయని మూడు రోజుల్లోనే తెలిసొచ్చింది. తెచ్చి పెట్టెలో పెడితే రెండు నిమిషాలు సణిగి పడుకుంది.

పొద్దున్న ఆఫీసు పని ముందేసుకుని కూర్చుంటే కాళ్ల మీదే నిద్ర. నేను స్నానానికి లేస్తే చాలు లబోదిబో. ఇదీ అలవాటు చేయాల్సిందే, లేకపోతే పదేళ్లు నేను స్నానం చేయలేను. అందుకని ఇవాళ ఒక పని మొదలుపెట్టాను. దాని ముందు నమలడానికి ఏదో ఒకటి పడేసి గదిలోంచి బయటికి వెళ్లి, అయిదు లెక్కపెట్టి, అది నోరు తెరిచేలోపే వచ్చేయడం. రాగానే హడావిడి చేయకుండా నా పని నేను చూసుకోవడం. తర్వాత పది అంకెలు. తర్వాత మళ్లీ నాలుగే. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే కనిపెట్టేస్తుంది. మధ్యాహ్నానికి రెండు నిమిషాలదాకా వచ్చాం. మూడో నిమిషంలో ఓడిపోయాను, తప్పు నాదే, ఆశపడ్డాను.

మధ్యాహ్నం నుంచి ఇంట్లో ఇంకో గొడవ, నిద్ర గురించి. ఈ వయసు కూనలు రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చిందంటే దీన్ని పడుకోనివ్వదు, ఒళ్లోంచి దింపదు. సాయంత్రానికి అది ఒళ్లు తెలియకుండా పరిగెత్తడం, పాదాలు కొరకడం, చివరికి ఏమీ లేకుండానే గుక్కపట్టి ఏడవడం. పసిపిల్లలు నిద్ర ఆగక పేచీ పెట్టినట్టే. "దాన్ని ఒక గంట వదిలెయ్యవే" అంటే, "నువ్వు మాత్రం రాత్రంతా చెయ్యి పట్టుకుని పడుకోవచ్చా?" అంది. జవాబు లేదు నా దగ్గర. పెట్టె మీద గుడ్డ కప్పి, గదిలో చీకటి చేస్తే గంటన్నర కదల్లేదు.

వచ్చిన మర్నాడే డాక్టరుకి చూపించాం. ఏడుపు గురించి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఏడిచే కుక్కపిల్ల కంటే ఏడవకుండా ముడుచుకుని పడుకున్న కుక్కపిల్లని చూసి భయపడమన్నారు. తిండి మానేసినా, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా, తెల్లారేదాకా చూద్దామని ఆగొద్దట, ఇంత చిన్నవాటిలో ఒంట్లో నీరు గంటల్లోనే పోతుంది. గిన్నెడు పాలు పోసి నోరు మూయించే ఆలోచన ఉంటే మానుకోమని కూడా అన్నారు, చాలావాటికి ఆ పాలు పడవు, అప్పుడు మొదలయ్యేది కడుపునొప్పి ఏడుపు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకూడదు. కానీ పద్నాలుగో వారంలోపు లోకం ఎంత చూస్తే అంత ధైర్యస్తురాలవుతుంది కాబట్టి ఎత్తుకుని చూపించాలి. సాయంత్రం గుమ్మంలో నిలబడి అరగంట స్కూటర్లు, సైకిళ్లు, గొడుగు వేసుకున్న ఒకాయనని చూపించాను. గొడుగు నచ్చలేదు.

అక్కడే పక్కింటి పెద్దాయన దొరికారు. మూడు రోజులుగా తప్పించుకు తిరుగుతున్నాను. "ఏమ్మా, నిన్న రాత్రి ఏమీ వినపడలేదు, బాగానే ఉంది కదా?" అన్నారు. తిడతారనుకుంటే గొంతులో నిజంగానే కంగారు. మొదటి రాత్రి ఆయన కూడా నిద్రపోలేదట. "ఎవరైనా వెళ్తే బాగుండు అనుకుంటూ కూర్చున్నా" అన్నారు. గోడకి అటు ఆయన, ఇటు నేను, ఇద్దరం ఒకే మాట అనుకుంటూ నలభై నిమిషాలు కూర్చున్నామన్నమాట.

రాత్రి ఎనిమిదిన్నరకి మా ఆయన ఇంటికొచ్చారు, చేతిలో ఒక సంచి. ఆఫీసు నుంచి అటే కూనని ఇచ్చినవాళ్ల ఇంటికి వెళ్లి, తల్లి పడుకునే గోనెపట్టాలోంచి చిన్న ముక్క అడిగి తెచ్చారు. నేను చెప్పలేదు, అమ్మాయీ చెప్పలేదు. మూడు ముళ్లు వేసి తెచ్చిన ఆ సంచి విప్పగానే హాలంతా ఒకటే కంపు. బుజ్జి వంటింట్లోంచి జారుతూ పరిగెత్తుకొచ్చి, ఆ ముక్కలో మొహం దూర్చి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. తోక ఊపలేదు. ఊపిరి మాత్రం గట్టిగా పీల్చుకుంటోంది. మా అమ్మాయి మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. ఈయన బూట్లు విప్పడం మర్చిపోయి అక్కడే నిలబడ్డారు.

ఇవాళ్టి నుంచి పెట్టె మా పడకగదిలో, నా మంచం పక్కన. "పడకగదిలోకి రానిస్తే ఇక బయటికి పోదు" అని మొదటి రోజు ఈయనే అన్నారు, ఇవాళ పెట్టె మోసుకొచ్చిందీ ఈయనే. నిద్ర కుదిరాక రోజుకి రెండడుగుల చొప్పున తలుపు వైపు జరపాలని నా ప్లాను. వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి ఒక మూలకి పెట్టాను, వేడి ఎక్కువైతే పక్కకి జరగడానికి చోటుండాలి కదా. రెండో మూల గోనెముక్క. బుజ్జి దాని మీదే చుట్ట చుట్టుకుని పడుకుంది. నా చెయ్యి అడగలేదు. కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం.

ఇప్పుడు పదకొండూ నలభై. ఏడుపు లేదు, మధ్యమధ్యలో కలలో కాళ్లు ఆడిస్తూ చిన్నగా మొరుగుతోంది. గోనెముక్క మాత్రం గది మొత్తాన్ని ఆక్రమించేసింది, కిటికీ తెరిచినా లాభం లేదు. రెండున్నరకి పెరట్లోకి తీసుకెళ్లాలి. ఇవాళ మా ఆయన వంతు. ఆయనకి ఇంకా చెప్పలేదు.