లిజనర్ పోయిందనుకుంటాం, అది అక్కడే ఉంటుంది

జావాస్క్రిప్ట్‌తో రాసిన వెబ్ యాప్‌లో, ఒక స్క్రీన్‌లో చార్ట్ ఉంది. విండో సైజు మారినప్పుడల్లా మళ్లీ గీయాలని విండోకి రిసైజ్ లిజనర్ (సైజు మారగానే నడిచే ఫంక్షన్) తగిలించాం. యూజర్ వేరే స్క్రీన్‌కి వెళ్లగానే చార్ట్ డామ్‌లోంచి (బ్రౌజర్ దగ్గరుండే పేజీ ఎలిమెంట్ల చెట్టులోంచి) పోయింది, మెమరీలోంచి మాత్రం పోలేదు. విండో లిజనర్‌ని పట్టుకుంది. లిజనర్ తన క్లోజర్‌తో (ఫంక్షన్ తను పుట్టినచోటి వేరియబుల్స్‌ని వదలకుండా ఉంచుకోవడం) చార్ట్‌నీ, దాని డేటానీ పట్టుకుంది. సింగిల్ పేజ్ యాప్‌లో (స్క్రీన్లు మారినా పేజీ రీలోడ్ కాని యాప్) పేజీ రీలోడ్ అయ్యేదాకా విండో అదే. యూజర్ పదిసార్లు వచ్చి వెళ్తే పది చార్టులు మిగిలిపోతాయి. సైజు మార్చిన ప్రతిసారీ పదీ గీయడం మొదలుపెడతాయి.

అలాగని ప్రతి బటన్ మీది క్లిక్ లిజనర్‌నీ వెతికి తీసెయ్యక్కర్లేదు. బటన్‌ని డామ్‌లోంచి తీసేశాక దానికి ఇంకెక్కడా రిఫరెన్స్ లేకపోతే, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని లిజనర్‌తో సహా ఊడ్చేస్తుంది. లిజనర్ తగిలించింది దేనికి, అది కాంపొనెంట్ (చార్ట్ లాంటి స్క్రీన్ భాగం) కంటే ఎక్కువకాలం బతుకుతుందా అన్నదే చూసుకోవాలి. విండో, డాక్యుమెంట్, యాప్ అంతటికీ ఒక్కటే ఉండే వెబ్‌సాకెట్ (సర్వర్‌తో తెరిచి ఉంచే కనెక్షన్) ఆ కోవలోవి.

ఎక్కువమంది పొరబడేది తీసేసే దగ్గర. రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కి తగిలించినప్పటి ఫంక్షన్‌నే ఇవ్వాలి, అచ్చం అదే కోడ్ ఉన్న మరో ఫంక్షన్ చెల్లదు. ఫంక్షన్‌కి దిస్ విలువను కట్టిపెట్టే బైండ్‌ని రెండుచోట్లా పిలిస్తే రెండు వేర్వేరు ఫంక్షన్లు పుడతాయి. లిజనర్ కదలదు, ఎర్రర్ కూడా రాదు. అందుకే ఇది నెలల తరబడి ఎవరి కంటా పడదు. బైండ్ ఒక్కసారే చేసి వేరియబుల్‌లో ఉంచుకోండి. లిజనర్ ఆప్షన్లలో క్యాప్చర్ ట్రూతో పెట్టినదాన్ని ట్రూతోనే తియ్యాలి. పాసివ్, వన్స్ ఆప్షన్లు కలవకపోయినా ఫర్వాలేదు.

ఈ తలనొప్పి లేకుండా అబార్ట్‌కంట్రోలర్ (ఒక సిగ్నల్‌తో పనుల్ని రద్దుచేసే బ్రౌజర్ ఆబ్జెక్ట్) వాడటమే మేలని నా అభిప్రాయం. ప్రతి లిజనర్‌కీ ఆప్షన్లలో దాని సిగ్నల్ ఇస్తే, చివర్లో ఒక్క అబార్ట్‌తో అన్నీ పోతాయి. సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్‌కీ అదే సిగ్నల్ ఇవ్వొచ్చు. ఒకసారి అబార్ట్ అయిన సిగ్నల్‌తో కొత్త లిజనర్ పెడితే అది అసలు చేరదు. కాబట్టి రియాక్ట్ లైబ్రరీలో కంట్రోలర్‌ని యూజ్‌ఎఫెక్ట్ (కాంపొనెంట్ స్క్రీన్ మీదికి వచ్చాక నడిచే కోడ్) లోపలే సృష్టించి, అది తిరిగిచ్చే క్లీనప్ ఫంక్షన్‌లో అబార్ట్ చెయ్యండి. పదేపదే నడిచే టైమర్ సెట్‌ఇంటర్వల్‌కి ఇది పనిచెయ్యదు, క్లియర్‌ఇంటర్వల్ విడిగా పిలవాల్సిందే. ఎలిమెంట్ సైజుని గమనించే రిసైజ్‌అబ్జర్వర్‌కైతే డిస్‌కనెక్ట్ పిలవాలి.

సరిచూసుకోవడానికి క్రోమ్ డెవ్‌టూల్స్ మెమరీ ట్యాబ్‌లో హీప్ స్నాప్‌షాట్ (అప్పుడు మెమరీలో ఉన్న ఆబ్జెక్టుల జాబితా) తీయండి. స్క్రీన్‌కి పదిసార్లు వెళ్లొచ్చి మరొకటి తీసి, రెండూ పోల్చండి. ఫిల్టర్‌లో డిటాచ్డ్ (డామ్‌లోంచి తెగిపోయినవి) అని కొట్టినప్పుడు చార్ట్ ఎలిమెంట్లు పది చొప్పున పెరిగి కనిపిస్తే లీక్ (అక్కర్లేని మెమరీ వదలకుండా మిగిలిపోవడం) ఉన్నట్టే. ఒకదాన్ని నొక్కితే కింద రిటెయినర్స్‌లో పట్టుకున్నదెవరో తెలుస్తుంది. ముందు కన్సోల్ ఖాళీ చెయ్యండి: అందులో ప్రింట్ చేసిన ఆబ్జెక్టులను కన్సోలే పట్టుకుని, లేని లీక్‌ని చూపిస్తుంది.